కాలువ గట్టున తంతి మాస్టారు
గుర్రపుడెక్క లాగే కుర్రకారుకు విజిల్ పాఠాలు

(మా రేపల్లె విలేఖరి)

ఆదివారం తెల్లవారేసరికి మా ఊరి కాలువ గట్టున నిలబడితే రెండు రకాల కూతలు వినవస్తాయి. ఒకటి తెనాలి - రేపల్లె రైలు కూత. రెండవది విజిల్ కూత. రెండు పొట్టి కూతలు వినపడగానే రెండు గట్ల మీది కుర్రవాళ్లూ మోకు పట్టి ఒక్క ఊపున లాగుతారు. నీళ్ల మీద పచ్చని దుప్పటిలా పరుచుకున్న గుర్రపుడెక్క జరజరా గట్టుకు వస్తుంది. ఒక పొడుగాటి కూత వినపడిందంటే చాలు, ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు.

ఆ కూతలు నేర్పిన పెద్దాయన వేపచెట్టు కింద మడతకుర్చీలో కూర్చుని ఉంటారు. వయసు ఎనభై దాటింది. తంతి తపాలా శాఖలో సిగ్నలరుగా చేరి తెనాలి, బాపట్ల, రేపల్లెలలో తిరిగి రిటైరయ్యారు. ఊళ్లో అందరూ ఆయనను 'తంతి మాస్టారు' అంటారు. పేరు వేయవద్దన్నారు. "టెలిగ్రాములో మాట మాటకీ డబ్బు కట్టాలయ్యా. నా పేరు లేకపోయినా అర్థం పోదు కదా, కొట్టెయ్" అని నవ్వారు.

చూడడానికి చిన్న విషయమే. అయినా ఈ ఆదివారాల వెనుక మన డెల్టాకు చెందిన రెండు పాత దారుల కథ ఉంది. ఒకటి నీటి దారి. రెండవది తీగ దారి.

ఒకే కాలంలో పుట్టిన దారులు

బెజవాడ వద్ద కృష్ణ మీద మొదటి ఆనకట్టను 1852 - 55 మధ్య కట్టారు. కాటన్ దొర సూచనలతో కెప్టెన్ ఓర్ ఆ పని నడిపించారు. సరిగ్గా ఆ రోజులలోనే దేశంలో తంతి తీగలు లేచాయి. 1850లో కలకత్తాకూ డైమండ్ హార్బరుకూ మధ్య ప్రయోగంగా మొదటి లైను వేశారు. ఆ పని చూసినవాడు ఓషాఘ్నెసీ అనే డాక్టరు. మరి నాలుగేళ్లకు కలకత్తా నుంచి ఆగ్రాకూ, బొంబాయికీ, మద్రాసుకూ కబురు తీగ మీద వెళ్లసాగింది.

కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి. పడవలకు దారీ ఇచ్చాయి. సీతానగరం నుంచి దుగ్గిరాల మీదుగా పెదగంజాం చేరే కొమ్మమూరు కాలువ మార్గం 113 కిలోమీటర్లు. అక్కడ బకింగుహాం కాలువ అందుకుని మద్రాసు దాకా తీసుకుపోతుంది. ధాన్యం, ఉప్పు, పొగాకు ఆ నీళ్ల మీదనే ప్రయాణం చేశాయి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనిషి భుజాన మోకు. అదే ఆ రోజుల ఇంజను.

పడవ ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దిగడానికి లాకులు కట్టారు. రెండు జతల తలుపుల మధ్య ఒక తొట్టి. పడవ తొట్టిలోకి రాగానే వెనుక తలుపులు మూస్తారు. ముందు వైపు తూము తెరిస్తే తొట్టిలో నీరు నెమ్మదిగా దిగుతుంది, నీటితోపాటే పడవా దిగుతుంది. రెండు వైపులా మట్టం సమానమైనాక ముందు తలుపులు తెరుచుకుంటాయి. దుగ్గిరాల లాకులంటే ఇప్పటికీ ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. మూడు కాలువలు ఊరి గుండా పారుతున్నందునే గదా తెనాలికి 'ఆంధ్రా ప్యారిస్' అని పేరు వచ్చింది!

తరువాత రైలు వచ్చింది. బాపట్ల మీదుగా మద్రాసు దారి 1899లో తెరుచుకోగా, రేపల్లెకు రైలు 1916లో వచ్చింది. రైలుతోపాటు తంతి స్తంభాలూ వచ్చాయి. రోడ్లు, లారీలు పెరిగాక పడవలు సన్నగిల్లి కడకు ఆగిపోయాయి. 2008లో ఈ కాలువలను కలిపి నాలుగవ జాతీయ జలమార్గంగా కేంద్రం ప్రకటించింది. మా ఊరి వద్ద మాత్రం కాలువలో ప్రయాణం చేసేది గుర్రపుడెక్క ఒక్కటే.

టకటకల భాష

మాస్టారి దగ్గర ఒక మోర్సు కీ, ఒక సౌండరు ఉన్నాయి. పాత సామాను వేలంలో కొన్నారట. చెక్క పీట మీద ఇత్తడి మీట, కింద స్ప్రింగు, తలకు నల్లని బొడిపె. మీట నొక్కితే బ్యాటరీ నుంచి కరెంటు లైనులోకి వెళుతుంది. అవతలి ఊళ్లో సౌండరులోని తీగచుట్ట అయస్కాంతమై ఇనుప పట్టీని లాగుతుంది. అప్పుడు 'టక్'. మీట వదిలితే పట్టీ వెనక్కి వచ్చి మళ్లీ 'టక్'. ఆ రెండు శబ్దాల మధ్య ఎడం తక్కువైతే చుక్క, ఎక్కువైతే గీత. గీత మూడు చుక్కలంత. అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు చుక్కలంత ఖాళీ, మాటకూ మాటకూ మధ్య ఏడు చుక్కలంత.

వెనుక సిగరెట్ల డబ్బా పెడితే శబ్దం ఖంగున మోగుతుందని ఆయన చేసి చూపించారు. ఒకే గదిలో నాలుగైదు సౌండర్లు మోగుతుంటే తమ డబ్బా చప్పుడును బట్టి తమ లైనును గుర్తుపట్టేవారట.

"కాగితం మీద చుక్కలూ గీతలూ చూసి నేర్చుకుంటే ఎప్పటికీ రాదు. పాట నేర్చుకున్నట్టు చెవితో నేర్చుకోవాలి" అంటారు మాస్టారు. ఒక్కొక్కరి చేతికి ఒక్కో తీరు ఉంటుందట. బాపట్లలో కూర్చుని, తెనాలిలో కీ మీద ఎవరు ఉన్నారో నాలుగు అక్షరాలలో చెప్పేవాడినన్నారు. ముఖం చూడని మనిషితో ఏళ్ల తరబడి స్నేహం. ఒకసారి పెళ్లిలో ఎవరో భోజనాల బల్ల మీద వేళ్లతో దరువు వేస్తుంటే, ఆ చేయి గుర్తుపట్టి వెళ్లి పలకరించారట. ఆయన ఊహ తప్పలేదు.

మన ఊళ్లలో టెలిగ్రాము అంటే భయం. మెసెంజరు సైకిలు వీధి మలుపు తిరిగితే ఆడవాళ్లు ముందే ఏడుపు అందుకునేవారు. మా ఇంటికీ ఒకటి వచ్చింది. 'ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ' అని. ఆ కాగితం మా నాయన పెట్టెలో ఇప్పటికీ ఉంది. అయితే శుభలేఖలూ తంతి మీద వెళ్లేవి. పెళ్లికీ, పండుగకూ, పరీక్ష పాసైనందుకూ వేర్వేరు నెంబర్లు ఉండేవి. ఇవతల నెంబరు కొడితే అవతల పూర్తి వాక్యం రాసి ఇచ్చేవారు.

ఇంత చరిత్ర గల తంతి సర్వీసు 2013 జూలై 15 నుంచి దేశంలో ఆగిపోయింది.

తీగ తెగిన రోజులు

తీగ విలువ అది తెగినప్పుడే తెలుస్తుంది. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో తెనాలి రైల్వే స్టేషను తగలబడింది. పోలీసు కాల్పులలో ఏడుగురు నేలకొరిగారు. తెనాలి రణరంగ చౌక్ వారి గుర్తే. దొరల ప్రభుత్వం రైలు మీద, తంతి మీద నడిచేదని జనానికి తెలుసు. అందుకే ఆ ఉద్యమంలో దేశమంతటా దెబ్బ ఆ రెండింటి మీదనే పడింది.

1977 నవంబరు 19 సంగతి వేరు. అప్పుడు తీగలు తెంచింది మనుషులు కారు, సముద్రం. ఆ ఉప్పెన దివిసీమలోనూ చుట్టుపక్కలా పదివేల ప్రాణాలు బలిగొన్నది. మాస్టారు ఆ రాత్రి డ్యూటీలో లేరు. మరునాడు చెట్లు దాటుకుంటూ ఆఫీసుకు వెళ్లి కీ మీద చేయి వేశారు. "సౌండరు పలకలేదు. కీ బాగానే ఉంది, బ్యాటరీ బాగానే ఉంది, నా చేయి బాగానే ఉంది. తీగే లేదు. బయట జనం కబురు పంపమని చీటీలు పట్టుకుని నుంచున్నారు. ఏం చెప్పను?" ఆ మాట చెప్పి ఆయన చాలాసేపు కాలువ వంక చూస్తూ ఉండిపోయారు.

తీగ లేకుండా కబురు పంపే మార్గం ఒకటి ఉందనీ, అదే హామ్ రేడియో అనీ, అప్పుడే తెలిసి ఉంటే నేర్చుకునేవాడిననీ ఆయన బాధ.

ఎల్ అక్షరం తెచ్చిన తంటా

ఇక గుర్రపుడెక్క. దక్షిణ అమెరికా నుంచి అందమైన పువ్వు అని మన దేశానికి తెచ్చుకున్న మొక్క ఇది. అనువు కుదిరితే రెండు వారాలలో రెట్టింపవుతుంది. విత్తనం బురదలో ఏళ్ల తరబడి బతుకుతుంది. కాలువలో ఇది అడ్డుపడితే మొదటి దెబ్బ శివారు రైతుకే. పైన తూములకు నీరు అందుతుంది గానీ కింద రేపల్లె, నిజాంపట్నం వైపు చివరి చేలకు చేరేసరికి ధార సన్నగిల్లుతుంది. నారు ఎండుతున్నదని ఒకరు, నీళ్లు మళ్లించుకున్నావని ఒకరు గట్ల మీద కొట్టుకునేది ఇందుకే.

రెండేళ్ల నాడు మా ఊరి కుర్రవాళ్లు పదిమంది లస్కరుతో చెప్పి, నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు పని మొదలుపెట్టారు. మోకుకు కొక్కేలు కట్టి రెండు గట్ల మీద నుంచి లాగడం, దంతెలతో గట్టెక్కించడం, ఎండబెట్టి ఎరువు గుంటకు తోలడం. ఎవరూ నీళ్లలోకి దిగకూడదన్నది మొదటి షరతు.

వచ్చిన చిక్కల్లా అరుపులతోనే. పక్కన రోడ్డు మీద లారీలు, ట్రాక్టర్లు. అవతలి గట్టు మీద 'ఆపు' అంటే ఇవతల 'లాగు' అని వినపడేది. అప్పుడు మాస్టారు విజిల్ ఇచ్చారు. 'లాగు'కు మోర్సులో ఎల్, 'ఆపు'కు ఎ అని పిల్లలే నిర్ణయించుకున్నారు. ఎ అంటే చుక్క, గీత. ఎల్ అంటే చుక్క, గీత, చుక్క, చుక్క.

రెండవ ఆదివారమే ముప్పు వచ్చింది. ఒక అబ్బాయి కాలికి మోకు చుట్టుకుని గట్టు వాలున జారాడు. ఈవలి గట్టు నుంచి 'ఎ' ఊదారు. ఎల్ కూడా చుక్క గీతలతోనే మొదలవుతుంది కనుక, అవతలివాళ్లు మిగతా రెండు చుక్కల కోసం ఎదురుచూడనైనా చూడకుండా లాగేశారు. మాస్టారు కుర్చీలోంచి లేచి "లాగమాకండ్రా!" అని అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది. మోకాలు చెక్కుకుపోవడంతో గండం గడిచింది.

"తప్పు మీది కాదు, నాది" అన్నారు మాస్టారు ఆ సాయంత్రం. "నలభై ఏళ్లు కీ కొట్టినవాణ్ణి, నాకైనా తట్టొద్దూ? ప్రాణం మీదికి వచ్చే కబురు ఇంకో కబురుకు తలకాయ కాకూడదు." ఆనాటి నుంచి రెండు పొట్టి కూతలంటే లాగు. ఊపిరి ఉన్నంతసేపూ ఒకటే కూతంటే ఆపు. అర్థం కాకపోయినా ఆపు. మళ్లీ ఎవరికీ దెబ్బ తగలలేదు.

విజిల్ నుంచి రేడియోకు

ఆ విజిలే కొందరికి కీ మీద మోజు పుట్టించింది. పని అయ్యాక టిఫిన్లు తిని మాస్టారి అరుగు మీద చేరుతారు. ఒక చిన్న ఐసీ, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, బొటనవేలంత స్పీకరుతో ప్రాక్టీసు పెట్టె తయారు చేసుకున్నారు. దీనికి లైసెన్సు అక్కర లేదు. గాలిలోకి రేడియోతో కబురు పంపాలంటే మాత్రం కేంద్ర టెలికం శాఖ పరీక్ష పాస్ కావలసిందే. 2003 నుంచి ప్రపంచంలో చాలా దేశాలు మోర్సు పరీక్షను ఎత్తివేశాయి. మన దేశంలో 2009 నిబంధనలు రెండు తరగతులు పెట్టాయి. రెస్ట్రిక్టెడ్ తరగతికి మోర్సు లేదు. జనరల్ తరగతికి నిమిషానికి ఎనిమిది మాటల వేగం రావాలి.

సెల్‌ఫోను కాలంలో ఇది ఎందుకని అడిగేవారు ఉన్నారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అండమానులో ఫోన్లు మూగబోయాయి. హైదరాబాదులో 1983లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతి ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం అప్పటికే పోర్టు బ్లెయిరులో రేడియోతో ఉంది. వారే క్షేమ సమాచారాలు చేరవేశారు. మరీ దూరం ఎందుకు, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది మన బాపట్ల దగ్గరే. మాట వినపడని రొదలో కూడా మోర్సు 'పీప్' చెవికి అందుతుంది. కొద్దిపాటి బ్యాటరీతో వందల మైళ్లు వెళుతుంది.

ప్రస్తుతం ముగ్గురు నేర్చుకుంటున్నారు. అందులో ఇంటర్ చదివే అమ్మాయి ఒకర్తె నిమిషానికి ఐదు మాటలు అందుకుంటున్నది. ఇంకా మూడు మాటలు కావాలి. మాస్టారికి ఈ మధ్య చేయి వణుకుతున్నది. గీత మధ్యలో విరిగి రెండు చుక్కలవుతున్నది. "తాతగారూ, మీరు టీ అనుకుని ఐ కొట్టారు" అని ఆ అమ్మాయి దిద్దితే, ఆయన కోపం తెచ్చుకోలేదు. "అమ్మాయ్, నీకు వచ్చేసినట్టే" అన్నారు.

కాలువ సంగతి అంత తేలిగ్గా లేదు. కుర్రవాళ్లు రెండు వంతెనల మధ్య బాగు చేసిన చోటికి నెల తిరగకుండా పైనుంచి మళ్లీ తెప్పలుగా కొట్టుకొస్తున్నది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పైనుంచి కిందిదాకా వేరుతో సహా తీయిస్తే తప్ప పదిమంది మోకుతో ఇది తీరేది కాదు. ఈ విషయమై సంబంధిత శాఖ వారు శ్రద్ధ తీసుకోవాలని శివారు రైతులు కోరుతున్నారు.

పాఠకులకు మాస్టారు పంపే కబురు కూడా ఒకటి ఉంది. మీ అటక మీద పాత మోర్సు కీ గానీ, సౌండరు గానీ ఉంటే తూకానికి అమ్మవద్దు. ఊళ్లో ఒక పిల్లకు ఇవ్వండి. ఇత్తడి ఎక్కడైనా దొరుకుతుంది. వాడిన చేయి ఇంకా బతికి ఉన్నప్పుడే దాన్ని వాడడం నేర్చుకోవాలి.

వచ్చే ఆదివారం మళ్లీ మోకు కడతారు. ఆరు గంటలకు. దంతె ఉన్నవారు దంతె తెచ్చుకోవచ్చు.