కంభం చెరువు

నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం వద్ద పుట్టిన గుండ్లకమ్మ, జంపలేరు, ఎనమలేరు అను వాగులను కలుపుకొని, కంభం వద్ద రెండు కొండల నడుమ ఇరుకుసందు గుండా వెలుపలికి వచ్చును. ఆ సందుకు అడ్డముగా పూర్వులు 57 అడుగుల ఎత్తున కట్ట వేసిరి. దాని వెనుక చెరువు పొడవు సుమారు 7 కిలోమీటర్లు, వెడల్పు 3.5 కిలోమీటర్లు. గుడిగోపురములే ప్రాచీన కట్టడములని తలచువారు ఈ కట్టను ఒకసారి చూడవలెను. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల (1509–1529) రాణి వరదరాజమ్మ దీనిని కట్టించెనని ప్రతీతి.

ఇంత నీటిని ఈ కట్ట ఎట్లు ఆపుచున్నది? చెరువు పెద్దదైనకొలది కట్టపై ఒత్తిడి అధికమగునని విద్యార్థులు సాధారణముగా భావింతురు. అది పొరపాటు. నిలిచిన నీటి ఒత్తిడి లోతును బట్టియే గాని వైశాల్యమును బట్టి ఉండదు. 57 అడుగుల, అనగా 17 మీటర్ల పైచిలుకు లోతున, ప్రతి చదరపు సెంటీమీటరు పైనను నీరు సుమారు 1.7 కిలోగ్రాముల బరువుతో ఒత్తును. వెనుక నీరు ఏడు కిలోమీటర్లు పరచుకొన్నను, ఏడు గజములు పరచుకొన్నను ఇది మారదు. లోతుతో ఒత్తిడి పెరుగును గనుకనే చెరువుకట్టలను అడుగున వెడల్పుగా, పైన సన్నముగా వేయుదురు. ఇచ్చట సందు ఇరుకైనందున కట్ట పొడవు తగ్గినది. వెనుక లోయ విశాలమైనందున నీరు పెరిగినది. నేర్పంతయు స్థలము నెన్నుకొనుటలోనే ఉన్నది.

ఇట్టి నేర్పు అప్పటికే శాస్త్రముగా నిలిచియుండెను. కడప సీమలోని పోరుమామిళ్ళలో, బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన చెరువు వద్ద 1369 నాటి శాసనము కలదు. మంచి చెరువునకు పండ్రెండు అంగములు, ఆరు దోషములు అందు చెప్పబడినవి. కొండలను తాకుచు, పొడవు మీరక, దృఢముగా నుండు రాతికట్ట, సమీపమున రాతిగని, విశాలమై లోతైన గర్భము అంగములలోనివి. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, నడుమ మిట్ట, నీరు స్వల్పమై విస్తీర్ణము అధికమగుట దోషములు. రెండు రాజ్యముల సరిహద్దున ఉండుటయు దోషమే! నీటి తగవులు బాగుగా ఎరిగినవారు చెప్పిన మాట అది.

అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల కమిషను 2020లో ఈ రెండు చెరువులను ప్రపంచ వారసత్వ సేద్యపు కట్టడములుగా గుర్తించినది. గుర్తింపుతో పూడిక ఆగదు. వరదనీరు చెరువులో నిలిచినప్పుడు దానితో వచ్చిన ఒండ్రు అడుగున దిగును. కంభం చెరువును దీర్ఘచతురస్రముగా లెక్కించినచో, గర్భమంతట ఒక్క సెంటీమీటరు పూడిక పేరుకొన్నను సుమారు 2,45,000 ఘనమీటర్ల నీటికి చోటు పోవును. కట్ట ఎత్తు మాత్రము చూపునకు మునుపటివలెనే ఉండును.