రంజకం, గజం, తూటా

తూటా అంటే ఇవాళ మనకు ఇత్తడి గొట్టంలో బిగించిన గుండు. 1758 డిసెంబరులో ఒకనాడు, ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ తలపడిన పోరులో, పిఠాపురం దగ్గర చెందుర్తి పొలాల్లో నిలబడిన సిపాయికి మాత్రం అది కాగితపు పొట్లం. లోపల కాస్త మందు, ఒక సీసపు గుండు. పళ్ళతో కొరికి విప్పుకోవాలి. ముందుపళ్ళు లేనివాడికి ఆ కొలువు కష్టమే.

చేతిలోది చెకుముకి తుపాకీ. 1720ల నుంచి ఇంగ్లీషు సైన్యం మోసిన ‘బ్రౌన్ బెస్’ జాతిదే, బరువు నాలుగున్నర కిలోలు. కొరికిన తూటాలోంచి చిటికెడు మందు పక్కనున్న చిన్న పళ్ళెంలో పోస్తే అది రంజకం. మిగతా మందూ గుండూ గొట్టం మూతిలో వేసి గజంతో దట్టించాలి (కొలిచే గజం వేరు, ఇది ఇనప కడ్డీ). దీన్నే బారు చేయడం అనేవారు. మీట నొక్కితే కొక్కెం పట్టుకున్న చెకుముకిరాయి ఉక్కురేకును గీస్తుంది. రవ్వలు రాలి రంజకం భగ్గుమంటుంది. ఆ మంట సన్నని బెజ్జంలోంచి దూరి లోపలి మందును అంటించాలి. మందులో ముప్పాతిక వంతు సురేకారం, మిగిలింది బొగ్గు, గంధకం. చెమ్మ తగిలితే అంతే సంగతులు. రంజకం మండి, తుపాకీ పేలకపోవడమూ మామూలే.

ఆరితేరిన చేయి నిమిషానికి మూడుసార్లు పేల్చేది. గురి సంగతి అడగొద్దు. గొట్టం లోపలి వెడల్పు 19 మిల్లీమీటర్లు, గుండు అంతకన్నా ఒకటిన్నర మిల్లీమీటర్లు చిన్నది. మసి పేరుకున్నా దిగాలి కదా! ఆ సందులో గోడలకు కొట్టుకుంటూ వెళ్ళిన గుండు బయటపడ్డాక ఎటు పోతుందో దానికే తెలియదు. అందుకే మనుషుల్ని బారులు తీర్చి ఒక్కసారే పేల్పించేవారు. తుపాకీ లోపాన్ని కవాతు పూడ్చింది.

ఆ రోజు చెందుర్తిలో ఇంగ్లీషు సేనను నడిపిన కల్నల్ ఫోర్డ్ వెంట సుమారు 470 మంది తెల్లవాళ్ళు, 1,900 మంది సిపాయిలు. ఎదుట కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేనలో సిపాయిలే 6,000. విజయనగరం ఆనందరాజు మనుషులు ఫోర్డ్ పక్షమే గాని వాళ్ళవి ఎక్కువగా ఈటెలూ విల్లంబులే. బెంగాలు సిపాయిల ఎర్రకోట్లు చూసి, ఇంగ్లీషు దళం అదేననుకుని ఫ్రెంచివాళ్ళు వాళ్ళమీద పడ్డారు. అసలు దళం నిలువెత్తు పైరు చాటున ఉంది! అది పక్కనుంచి వచ్చి కాల్చింది. ఫ్రెంచి శిబిరం, దాదాపు 30 ఫిరంగులు పోయాయి. మిగిలినవాళ్ళు రాజమహేంద్రవరం దారి పట్టారు.

1840ల నాటికి రంజకం స్థానంలో చిన్న రాగి టోపీ వచ్చింది. చెకుముకిరాయి తుపాకీని వదిలి, ఇప్పుడు పిల్లల సైన్సు పత్రికకు పేరైంది. మందుగుండు మాత్రం ఏటా దీపావళికి ఇంటికొస్తుంది, గుండు లేకుండా.