పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని కొట్టుకెళ్లండి

సినిమాలు చూసుకోవడానికి ల్యాప్‌టాప్ కొనేవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు వేరు

వెలిగండ్ల నుంచి ల్యాప్‌టాప్ కొనడానికి బయల్దేరితే కనిగిరో, పామూరో వెళ్లాలి. నాలుగు రకాలు చూసి ఎంచుకోవాలంటే ఒంగోలు దాకా పోవాలి. బేల్దారి పనికో, సాఫ్ట్‌వేర్ కొలువుకో హైదరాబాద్, బెంగళూరు చేరిన పిల్లలున్న ఇళ్లలో ఆ భారం వాళ్ల మీద పడుతుంది. ‘పండక్కి వచ్చేటప్పుడు ఒక ల్యాప్‌టాప్ పట్టుకురా నాయనా, సినిమాలు చూసేదానికి, చెల్లెలి పెళ్లి వీడియో చూసేదానికి’ అని ఫోన్లో చెబుతారు. పిల్లవాడు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, బెంగళూరు ఎస్పీ రోడ్డుకో వెళ్తాడు. అక్కడ మొదట వినపడే మాట ఒక్కటే: ‘ఐ3 కావాలా, ఐ5 కావాలా?’

సినిమా చూడటానికి కొనేవాళ్లకు ఆ ప్రశ్నతో అంత పని లేదు. ఆఫీసు లెక్కలకు, కోడింగ్‌కు ప్రాసెసర్ ముందు రావాలి, నిజమే. సినిమాకు మాత్రం ముందు తెర, తర్వాత చెవి, ఆ తర్వాతే లోపలి చిప్పు. అంగట్లో అమ్మకం సరిగ్గా దీనికి తలకిందులుగా జరుగుతోంది. ఖరీదైన ప్రాసెసర్ స్టిక్కరు అంటించి, నాసిరకం తెర బిగించిన మెషీన్లు మన పల్లెలకు ఎన్నో వచ్చాయి, ఇంకా వస్తున్నాయి.

కొట్లో చేయాల్సిన పరీక్ష ఇది. ‘మాయాబజార్’ లాంటి నలుపు తెలుపు సినిమా ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. 1957 నాటి ఆ చిత్రంలో మార్కస్ బార్‌ట్లే పట్టిన వెన్నెల తెరకు మంచి పరీక్ష. సినిమా ఆడుతుండగా ల్యాప్‌టాప్ మూతను మెల్లగా వెనక్కి వంచండి, మళ్లీ ముందుకు తీయండి. టీఎన్ రకం తెరైతే ఒక కోణంలో నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది, ఇంకో కోణంలో మొహాలు ఫొటో నెగటివ్‌లా కనపడతాయి. ఐపీఎస్ తెరలో ఎటు వంచినా బొమ్మ బొమ్మలాగే ఉంటుంది. పల్లెలో సినిమా ఒక్కరే కూర్చుని చూసేది కాదు. నాయనమ్మ మంచం మీద, పిల్లలు కింద చాప మీద, పక్కింటామె గడప దగ్గర ఉంటారు. నలుగురికీ బొమ్మ కనపడాలంటే ఐపీఎస్ తప్పనిసరి. పాత బిజినెస్ ల్యాప్‌టాప్‌లలో పేరున్న మోడళ్లకూ 1366×768 టీఎన్ తెరలు వచ్చాయి కాబట్టి బ్రాండు చూసి నమ్మకండి. 1920×1080 ఉండాలి, ఐపీఎస్ ఉండాలి. ఈ రెంటి దగ్గర రాజీ పడొద్దు.

వెలుతురు సంగతి కూడా చూసుకోవాలి. చౌక తెరలు ఎక్కువగా 250 నిట్స్ వెలుగుతో వస్తాయి. రాత్రి గదిలో చాలు గానీ పగలు వసారాలో కూర్చుంటే తెరలో మీ మొహమే కనపడుతుంది. 300 దొరికితే వదలొద్దు. ప్రకటనలో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని రాసుంటే రంగులు కాస్త వెలిసినట్టు ఉంటాయని అర్థం. ఈ ధరలో అది మామూలే, సర్దుకోవచ్చు.

సైజులో ఒక చిన్న లెక్క ఉంది. ఈమధ్య 14 అంగుళాల 16:10 తెరలను బాగా అమ్ముతున్నారు. చదువుకు, రాతకు అవి మంచివే. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోప్‌గా వచ్చింది, అప్పటి నుంచి మన పెద్ద సినిమాల్లో చాలావరకు అడ్డంగా సాగిన బొమ్మలే. అలాంటి బొమ్మ 15.6 అంగుళాల 16:9 తెర మీద 34.5 సెంటీమీటర్ల వెడల్పున, సుమారు 14.5 సెంటీమీటర్ల ఎత్తున పడుతుంది. 14 అంగుళాల 16:10 మీద వెడల్పు 30, ఎత్తు 12.6కు తగ్గిపోతాయి. మిగతాదంతా పైనా కిందా నల్ల పట్టీలే. సినిమాకైతే 15.6 తీసుకోండి.

ఇక ఫైలు దగ్గరికి వద్దాం. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వీడియో ఫైలంటే పత్తిని బేలుగా నొక్కినట్టు నొక్కి పెట్టిన బొమ్మ. చూసేటప్పుడు దాన్ని విప్పాలి. నొక్కే పద్ధతులు మారుతూ వచ్చాయి. 2003 నాటి హెచ్.264 ను ఇప్పుడు ఏ మెషీనైనా విప్పుతుంది. 2013లో వచ్చిన హెచ్.265, అంటే హెచ్ఈవీసీ, అదే నాణ్యతను దాదాపు సగం సైజులో ఇస్తుంది. 2018లో ఏవీ1 వచ్చింది. చిప్పులోనే విప్పే ఏర్పాటు ఉంటే మెషీన్ చల్లగా, నిశ్శబ్దంగా ఆడిస్తుంది. లేకపోతే ఆ బరువంతా ప్రాసెసర్ మోయాలి. ఫ్యాను హోరెత్తుతుంది, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, మాట ముందు వెళ్లి పెదాలు వెనక వస్తాయి.

ఇంటెల్‌లో 7వ తరం నుంచి 10 బిట్ హెచ్ఈవీసీని చిప్పే విప్పుతుంది. ఏవీ1 కావాలంటే 11వ తరం ఉండాలి. 2023లో వచ్చిన చవక చిప్పు ఎన్100 కూడా ఏవీ1ను విప్పుతుంది కాబట్టి, సినిమాలకే అయితే ఐ5 కోసం అప్పు చేయక్కర్లేదు. ఇంకో కంపెనీ చిప్పులైన రైజెన్‌లో నంబరు చూసి మోసపోకూడదు. 7520యూ ఏవీ1 ఆడిస్తుంది, దానికంటే పెద్ద నంబరున్న 7530యూలో గ్రాఫిక్స్ పాతవి కావడంతో ఆ ఏర్పాటు లేదు. ఇంకో విడ్డూరం ఉంది. హెచ్‌పీ, డెల్ కంపెనీలు కొన్ని బిజినెస్ మోడళ్లలో, చిప్పుకు సత్తా ఉన్నా, హెచ్ఈవీసీ సదుపాయాన్ని తీసేశాయని 2025 నవంబరులో వార్తలొచ్చాయి. కాగితం మీది వివరాలు ఎంత చదివినా సరిపోదనేది అందుకే.

కాబట్టి పెన్‌డ్రైవ్‌లో రెండో ఫైలు హెచ్ఈవీసీదే ఉండాలి. ‘అన్నా, డబ్బులిచ్చే ముందు ఇదొకసారి ఆడించి చూపియ్యి’ అని అడగడానికి మొహమాటం వద్దు. అది ఆడుతుండగా టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ నొక్కితే ‘వీడియో డీకోడ్’ అని ఒక గీత కనపడుతుంది. ఆ గీత పైకి లేచి, సీపీయూ కింద పదీ ఇరవై శాతంలో ఉంటే చిప్పు పని చేస్తున్నట్టే. గీత సున్నా దగ్గరే పడుకుని సీపీయూ 80, 90 చూపిస్తే ఆ మెషీన్ మీకు పనికిరాదు.

ఈ తేడా కరెంటు పోయినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. 42 వాట్ అవర్ల బ్యాటరీ ఉన్న మెషీన్ సినిమా ఆడిస్తూ 8 వాట్లు తీసుకుంటే 5 గంటలు వస్తుంది. ‘దాన వీర శూర కర్ణ’ నాలుగు గంటలకు దగ్గరగా ఉంటుంది, అదీ ఒక్క చార్జింగ్‌తో పూర్తవుతుంది. ప్రాసెసరే మోయాల్సి వచ్చి 20 వాట్లు దాటిందంటే రెండు గంటలకే ఆరిపోతుంది. ‘ఆర్ఆర్ఆర్’ మూడు గంటల రెండు నిమిషాలు.

పెళ్లి వీడియోల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మా వెలిగండ్ల వైపు చాలా ఇళ్లకు సినిమాకంటే అదే ముఖ్యం. డ్రోన్‌తో తీసిన 4కే ఫైళ్లను హార్డ్‌డిస్క్‌లో వేసి ఇస్తున్నారు. వాటిలో 10 బిట్ 4:2:2 రకం ఉంటే కొన్ని ల్యాప్‌టాప్ చిప్పులు విప్పలేవు. తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, ఆ ఫైలు ఎడిటింగ్ కోసం ఉన్నది. ఆల్బమ్ మాట్లాడుకునేటప్పుడే ‘ఫుల్ హెచ్‌డీలో, ఎంపీ4గా ఇంకో కాపీ ఇవ్వండి’ అని వీడియోగ్రాఫర్‌తో ఖాయం చేసుకోండి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేటప్పుడు ‘ఫైలు మరీ పెద్దది’ అని వస్తే చోటు లేక కాదు. ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది, ముందు అందులో ఉన్నవి వేరేచోట దాచుకోండి. ఇరవై ఏళ్ల కిందటి పెళ్లిళ్లు డీవీడీల్లో ఉన్నాయి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు డిస్క్ పెట్టే చోటే లేదు. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి వీధిలో నాలుగిళ్లవాళ్లు కలిసి కొనుక్కుని, డిస్కులు చెడిపోకముందే కాపీ చేసుకోవాలి. వాటిలో కనపడే పెద్దలు కొందరు ఇప్పుడు లేరు. వాళ్ల నడక, గొంతు మిగిలింది ఆ డిస్కుల్లోనే.

ప్లేయర్‌కు పైసా ఖర్చు లేదు. వీఎల్‌సీ 1996లో పారిస్ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది, నేటికీ ఉచితం. విండోస్ సొంత ప్లేయర్ హెచ్ఈవీసీకి విడిగా డబ్బులడగవచ్చు, వీఎల్‌సీ అడగదు. ఏదో వెబ్‌సైటు ‘ఈ వీడియోకు కొడెక్ డౌన్‌లోడ్ చేయండి’ అంటే చేయొద్దు, వైరస్‌లు వచ్చే దారి అది.

శబ్దం విషయంలో ఏ చవక ల్యాప్‌టాప్ మీదా ఆశ పెట్టుకోవద్దు. స్పీకర్లు అడుగున ఉంటాయి, పరుపు మీద పెడితే మూసుకుపోతాయి. మంచం మీద చూడాలంటే కింద ఒక చెక్క పలక వేయండి. గాలి పోయే రంధ్రాలకూ అదే రక్ష. చాలా కంపెనీలు తమ మెషీన్లు 35 డిగ్రీల వేడి దాకా వాడొచ్చని రాస్తాయి, మన మే నెల 40 దాటుతుంది. 5.1 శబ్దమున్న ఫైళ్లలో పాట పెద్దగా, మాట చిన్నగా వినిపిస్తే వీఎల్‌సీలో కంప్రెసర్ వేసుకోండి. బ్లూటూత్ స్పీకర్‌తో మాట వెనకబడితే జె, కె మీటలతో సరిచేసుకోవచ్చు.

సినిమాలు ఇంట్లో ఒక్కచోటే చూస్తామంటే మాత్రం ల్యాప్‌టాప్ వద్దు, 32 అంగుళాల టీవీ తక్కువలో వస్తుంది. ఊరూరా పని మీద తిరిగేవాళ్లకు, పిల్లల చదువు కూడా కలిసొచ్చే ఇళ్లకు ల్యాప్‌టాప్ సరైనది. 2008లో ట్రిపుల్ ఐటీలు మొదలైనప్పుడు ఊళ్ల నుంచి వెళ్లిన పిల్లల చేతికి ల్యాప్‌టాప్‌లిచ్చి వీడియో పాఠాలు చెప్పారు. సెలవుల్లో అవే మెషీన్ల మీద ఇంటిల్లిపాదీ సినిమాలు చూశారు.

ధర సంగతి. కొత్తది 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీతో సుమారు 30 వేల నుంచి 40 వేల మధ్య చూసుకోవాలి. 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు ప్రపంచమంతా ఎగబాకడంతో ఈ లెక్క పైకి జరుగుతోంది. సెకండ్ హ్యాండ్‌కు వెళ్తే ఇంటెల్ 8వ తరానికి తక్కువది తీసుకోకండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, 8వ తరానికి ముందువాటికి విండోస్ 11ను ఆ కంపెనీ సాధారణంగా ఒప్పుకోదు. కొట్లోనే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ’ కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ‘బ్యాటరీరిపోర్ట్’ అని ఇస్తే బ్యాటరీ జాతకం బయటపడుతుంది. డిజైన్ కెపాసిటీ 50 వేలుండి, ఫుల్ చార్జ్ కెపాసిటీ 25 వేలే చూపిస్తే సగం బ్యాటరీ అయిపోయినట్టు. ఆ మేరకు ధర తగ్గించమనండి.

బిల్లు మీది సీరియల్ నంబరు మెషీన్ అడుగున ఉన్నదానితో సరిపోవాలి. ఆన్‌సైట్ వారంటీ అంటే మెకానిక్ వెలిగండ్ల దాకా వస్తాడా, మనమే ఒంగోలుకు మోసుకెళ్లాలా అన్నది కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి, పిన్‌కోడ్ చెప్పి, డబ్బు కట్టకముందే కనుక్కోండి.