బండి వేగమా, బాట వేగమా?

పిల్లలూ, విజయవాడ స్టేషనులో వందే భారత్ బండిని మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివారు ఈసారి స్టేషనుకు వెళ్ళినప్పుడు చూడండి. కోసుదేరిన ముక్కు, మూసి ఉన్న అద్దాల కిటికీలు, వాటంతట అవే తెరుచుకునే తలుపులు! 2023లో సరిగా సంక్రాంతినాడు, జనవరి 15న, అది సికిందరాబాదుకూ విశాఖపట్నానికీ మధ్య మొదటిసారి నడిచింది. అదే సంవత్సరం సెప్టెంబరు 24న విజయవాడకూ చెన్నైకీ మధ్య మరొకటి మొదలైంది.

ఈ బండిని గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోగలిగేటట్టు తయారుచేశారు. కాని మన దారిలో దానిని 130 కిలోమీటర్లకు మించి పోనివ్వరు. అది కూడా అన్నిచోట్లా కాదు. ఒక చిన్న లెక్క వేయండి. సికిందరాబాదు నుంచి విశాఖపట్నానికి దాదాపు 700 కిలోమీటర్లు. బండి మొదలైనప్పుడు ఇచ్చిన పట్టిక ప్రకారం పట్టే కాలం ఎనిమిదిన్నర గంటలు. భాగించి చూస్తే గంటకు సుమారు 82 కిలోమీటర్లు వస్తుంది. 180 పోగల బండి 82 మాత్రమే పోతున్నదంటే, మిగిలిన 98 ఏమైనట్టు? ఎవరు తినేసినట్టు?

దీనికి జవాబు దొరకాలంటే ఒకసారి చైనా దాకా వెళ్ళి రావాలి.

మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో వైద్యవిద్య కోసం చైనా వెళ్ళిన అన్నయ్యో, అక్కయ్యో ఉండవచ్చు. మన తెలుగు విద్యార్థులు చాలామంది అక్కడి విశ్వవిద్యాలయాల్లో చదివారు, చదువుతున్నారు. వాళ్ళు సెలవుల్లో ఒక నగరం నుంచి మరొక నగరానికి ఎలా పోతారో అడిగి చూడండి. సాధారణంగా రైల్లోనే అంటారు. ఆ రైళ్ళు 2008 ఆగస్టు 1న బీజింగుకూ టియాన్‌జిన్‌కూ మధ్య గంటకు 350 కిలోమీటర్ల వేగంతో మొదలైనవి. 2024 చివరికి అటువంటి దారులు 48,000 కిలోమీటర్ల పొడవున పరుచుకున్నవి. పదహారేళ్ళలో ఇంత పని జరిగిందంటే ఆశ్చర్యపడక తప్పదు.

సరే, మనం కూడా బీజింగులో బండి ఎక్కుదాం. చేతిలో పాస్‌పోర్టు ఉండాలి సుమా! అక్కడ టిక్కెట్టును మనిషి పేరుతో, గుర్తింపు సంఖ్యతో కలిపి ఇస్తారు. ఆ దేశంవారికి గుర్తింపు కార్డు, పరాయి దేశంవారికి పాస్‌పోర్టు. 2020 నుంచి కాగితపు టిక్కెట్టుతో దాదాపు పని లేకుండా పోయింది. పాస్‌పోర్టును చూపించి లోపలికి పోవడమే. స్టేషనులో అడుగుపెట్టగానే మన సామాను ఎక్స్‌రే యంత్రంలో నుంచి పోతుంది. అమ్మ కట్టి ఇచ్చిన ఆవకాయ జాడీ ఏమిటో అక్కడి ఉద్యోగికి వివరించి చెప్పడం మటుకు కొంచెం కష్టమే.

తరవాత పెద్ద హాలులో కూర్చోవాలి. మన స్టేషనులో మాదిరిగా ముందే ప్లాటుఫారం మీదికి పోయి, బండికోసం మెడ చాచి చూడడానికి లేదు. బండి బయలుదేరే వేళకు కాస్త ముందు ద్వారం తెరుస్తారు, కొన్ని నిమిషాల ముందే మూసేస్తారు. పరుగెత్తి ఎక్కడం అనే మాటే లేదు. వేగంగా పోయే బండ్ల సంఖ్యకు ముందు 'జి' అనే అక్షరం ఉంటుంది. స్టేషను పేర్లు చైనా లిపితోపాటు ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాసి ఉంటవి కనుక కొత్తవాళ్ళు దారి తప్పరు. లోపల సీట్లను బండి పోయే వైపుకు తిప్పుకోవచ్చు. పెట్టె చివర మరిగే నీళ్ళ కుళాయి ఉంటుంది. చైనావారు టీ ఆకులు వేసుకున్న సీసాలు పట్టుకుని దాని ముందు వరసకడతారు.

బీజింగు నుంచి షాంఘైకి 1,318 కిలోమీటర్లు. అందరికన్నా వేగంగా పోయే బండి నాలుగు గంటల ఇరవై నిమిషాల లోపే చేరుస్తుంది. సగటు వేగం గంటకు 300 కిలోమీటర్లకు పైమాటే! అదే వేగంతో విజయవాడలో బయలుదేరితే విశాఖపట్నం చేరడానికి గంటా పదినిమిషాలు చాలు. పొద్దున్న ఇడ్లీ తిని బయలుదేరి, సముద్రం చూసి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయవచ్చు.

మరి చైనావారి బండిని తెచ్చి మన పట్టాల మీద పెడితే అలా పోతుందా? పోదు. అక్కడే ఉన్నది రహస్యం.

నీళ్ళున్న చిన్న బక్కెట్టును చేత్తో గిరగిర తిప్పి చూడండి. బక్కెట్టు చేతిని బయటికి లాగినట్టుంటుంది. వేగం రెట్టింపయితే ఆ లాగుడు నాలుగు రెట్లవుతుంది. రైలు వంపు తిరిగేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఒకే వంపులో 130 కిలోమీటర్లతో పోయే బండికన్నా 350తో పోయే బండి మీద ఈ లాగుడు ఏడు రెట్లకు పైగా ఉంటుంది. అందుచేత చైనావారు ఆ దారుల్లో వంపులను చాలా పెద్దవిగా వేశారు. వంపు ఒక వృత్తంలో ముక్క అనుకుంటే, ఆ వృత్తం వ్యాసార్ధం ఏడు కిలోమీటర్లకు తగ్గకుండా చూస్తారు. విజయవాడ స్టేషనులో ఒక మేకు పాతి, ఏడు కిలోమీటర్ల తాడు కట్టి, చుట్టూ గీత గీస్తే ఊళ్ళో పెద్ద భాగం దానిలో ఇమిడిపోతుంది. అంత పెద్ద వంపన్నమాట!

ఇక ఆగడం మాట చూడండి. 350 కిలోమీటర్ల వేగమంటే మీరు "ఒకటి" అనేలోపల బండి దాదాపు వంద మీటర్లు పోతుంది. డ్రైవరు ఎదుట ఏదో చూసి బ్రేకు వేసినా బండి నిలవడానికి కొన్ని కిలోమీటర్లు కావాలి. అంత దూరాన ఉన్నది కంటికి కనిపించదు. అందుచేత ఆ దారిలో గేట్లు ఉండవు, పశువులు రావు, మనుషులు దాటరు. దారి పొడుగునా కంచె ఉంటుంది. సిగ్నలు దీపం పట్టాల పక్కన కాక డ్రైవరు ముందున్న తెరమీదే కనిపిస్తుంది.

ఇప్పుడు మన కృష్ణా డెల్టాకు వద్దాం. వేరే దేశం కథ మనకెందుకు అనుకునేవారు ఇక్కడ జాగ్రత్తగా చదవాలి.

షాంఘై దగ్గర యాంగ్‌ట్సీ నది సముద్రంలో కలుస్తుంది. అక్కడి నేల అచ్చు మన డెల్టాలాగే ఉంటుంది: వరిచేలు, కాలవలు, చెరువులు, మెత్తని ఒండ్రుమట్టి. మెత్తని నేల మీద కట్ట పోస్తే అది ఏళ్ళతరబడి మెల్లగా కుంగుతుంది. నెమ్మదిగా పోయే బండికి దానివల్ల పెద్ద బాధ లేదు. కంకర సర్ది మళ్ళీ సమం చేస్తారు. 350 కిలోమీటర్లతో పోయే బండి కింద దారి చాలా చోట్ల కంకర కాదు, కాంక్రీటు పలక. అది కొద్ది మిల్లీమీటర్లకన్న ఎక్కువ కుంగితే ప్రమాదం. మరి ఏం చేశారు? దారిని నేలమీదే వేయలేదు! లోతుగా స్తంభాలు దిగవేసి, వాటిమీద 164 కిలోమీటర్ల పొడవున ఒకే వంతెన కట్టేశారు. దాని పేరు డాన్‌యాంగ్–కున్‌షాన్ మహావంతెన. విజయవాడనుంచి రాజమండ్రి దాకా రైలుదారి సుమారు 150 కిలోమీటర్లు. అంటే ఇక్కడ కృష్ణ ఒడ్డున వంతెన ఎక్కితే గోదావరి దాటినా ఇంకా దిగలేదన్నమాట!

అంత వంతెన కట్టిన విధం కూడా తమాషాగానే ఉంటుంది. చైనాలో ఇటువంటి వంతెనలకు 32 మీటర్ల పొడవు, దాదాపు 900 టన్నుల బరువు ఉండే కాంక్రీటు దూలాలను దగ్గరలోనే ఒక పెద్ద పెరట్లో పోతపోస్తారు. ఒక యంత్రం ఆ దూలాన్ని ఎత్తుకుని, అప్పటికే వేసిన వంతెన మీదుగా నడిచిపోయి, చివరి స్తంభం మీద దించుతుంది. మళ్ళీ వెనక్కు వచ్చి ఇంకొకటి. చీమ బియ్యపుగింజను మోసుకుపోయినట్టు. కింద రైతులు వరి నాటుకుంటూనే ఉంటారు. వంతెనకు పోయే నేల తక్కువే. కట్ట పోస్తే పొలం చాలా పోతుంది, వాననీరు పోయే దారి కూడా తెగుతుంది.

నీటి సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు తొలిరోజుల్లో కురిసిన వానలకు మహబూబాబాదు జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడినవి. విజయవాడ–కాజీపేట దారిలో బండ్లు కొన్నాళ్ళు ఆగిపోయినవి. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర చెరువు తెగి చిన్న వంతెన కొట్టుకుపోయింది. రేపల్లె నుంచి సికిందరాబాదు పోయే డెల్టా పాసింజరు అక్కడ పడిపోయి నూరుమందికి పైగా చనిపోయారు. మీ నాన్నగారినీ, తాతగారినీ అడిగితే ఆ రోజు సంగతి చెబుతారు.

నిజానికి మన డెల్టాలో కొత్త బండి వచ్చినప్పుడల్లా కొత్త బాట కూడా వస్తూనే ఉన్నది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తి కాగానే కాలవలు వచ్చినవి. వాటిలో పడవలు నడిచినవి. ఏలూరు కాలవలో పడవెక్కి గోదావరి దాకా పోయేవారు. ఆ తరవాత 1893–96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా కోస్తా రైలుదారి వచ్చింది. పడవలో పోయినవాడికి ఆ పొగబండి ఎంత వేగంగా కనిపించి ఉంటుందో! ఆనాడు ఎవరూ కాలవలో రైలును నడపాలనుకోలేదు. ఇప్పుడు మనం చేస్తున్నది దాదాపు అదే. పాసింజరూ, బొగ్గు బండీ, బియ్యం బండీ పోయే పట్టాల మీదనే వందే భారత్‌ను కూడా పంపుతున్నాము. మరి అది రావాలంటే ముందు పోతున్న బండి పక్కకు తప్పుకోవాలి. ఏ చిన్న స్టేషనులోనో లూప్ లైనులో పాసింజరు నిలిచిపోతుంది. దానిలో కూరగాయల గంపలవాళ్ళుంటారు, కాలేజీ పిల్లలుంటారు. పదినిమిషాలు, ఇరవై నిమిషాలు. తెల్లబండి సర్రున పోతుంది. పోయిన వేగంలో కొంత వీళ్ళిచ్చిన కాలమే. కొత్త బండి మంచిదే, కాని ఈ మాట కూడా లెక్కలో వేసుకోవాలని నాకనిపిస్తుంది. చైనాలో వేగపు బండ్లకు ఎక్కువగా వేరే బాట వేశారు కనుక పాత పట్టాలు సరుకుల బండ్లకూ, తక్కువ ఖర్చుతో పోయే పాత ఆకుపచ్చ బండ్లకూ మిగిలినవి. బీజింగు–షాంఘై వేగపు బండిలో రెండో తరగతి టిక్కెట్టు చాలా ఏళ్ళు 553 యువాన్లు ఉండేది. అది అందరికీ అందేది కాదు. అటువంటివారు ఇప్పటికీ రాత్రంతా కూర్చుని ఆకుపచ్చ బండిలో పోతారు.

వేరే బాట ఉన్నా జాగ్రత్త తప్పితే ముప్పే. 2011 జులై 23న వెన్‌జౌ దగ్గర పిడుగు పడి సిగ్నలు యంత్రం చెడిపోయింది. ముందు ఒక బండి ఆగి ఉండగా వెనక వస్తున్న బండికి దారి ఖాళీ అని చూపింది. రెండూ గుద్దుకుని, పెట్టెలు వంతెన మీదినుంచి కింద పడి, 40 మంది చనిపోయారు. ఆ తరవాత చైనావారు 350 వేగాన్ని 300కు తగ్గించేశారు. బీజింగు–షాంఘై దారిలో వేగాన్ని 350కి పెంచింది 2017లోనే.

మన దేశంలో కూడా ముంబయికీ అహమ్మదాబాదుకూ మధ్య 508 కిలోమీటర్ల వేరే బాట వేస్తున్నారు. 2017లో శంకుస్థాపన అయింది, పని సాగుతున్నది. దానిలో ఎక్కువ భాగం వంతెన మీదే. అటువంటిది మన డెల్టాకు వచ్చేదాకా ఉన్న బాటనే కాపాడుకోవాలి. 2022 అక్టోబరులో గుజరాతులో వందే భారత్‌కు గేదెలు అడ్డం వచ్చి ముక్కు పగిలింది. గేదెలకేం తెలుసు! కాని 2023 జనవరిలో మన బండి ఇంకా ప్రారంభం కాకముందే విశాఖపట్నంలో దానిమీద రాళ్ళు విసిరి అద్దాలు పగలగొట్టినవారు గేదెలు కారు కదా.

ఈసారి రైలెక్కినప్పుడు మీరే వేగం కొలవండి. పట్టాల పక్కన కరెంటు స్తంభాలమీద సంఖ్యలుంటవి. వాటిలో పెద్ద అంకె కిలోమీటరుది, చిన్నది స్తంభం వరసది. కిలోమీటరు అంకె మారగానే సెకండ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, అది మళ్ళీ మారగానే ఆపండి. 3,600ను ఆ సెకండ్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. చేయీ తలా కిటికీ బయట పెట్టకుండానే చూడండి. పాసింజరులో 60 సెకండ్లు రావచ్చు. వందే భారత్ బాగా పోయేచోట 28 వస్తవి. చైనా బండిలో కూర్చున్న మన అన్నయ్యకు మటుకు పది దాటీ దాటగానే కిలోమీటరు పూర్తయిపోతుంది.