ఇంటికి తెచ్చుకున్న దుఃఖం

గల్ఫ్ నుంచి శవపేటిక వచ్చిన ఇల్లు జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో కొత్త కాదు. సిరిసిల్లలో సాంచెలు ఆగి, అప్పులకు తాళలేక భర్త ప్రాణం తీసుకున్న ఇళ్లూ ఉన్నాయి. అలా ఒంటరైన అక్కనో చెల్లెనో మనం ఇంటికి తెచ్చుకుంటాం. మొదటి నెల ప్రార్థనలతో గడుస్తుంది. మూడో నెలకు భార్యాభర్తలు మనసు విప్పి మాట్లాడుకునే చోటే ఉండదు. 'మీ చెల్లె ఇంకెన్నాళ్లుంటది?' అన్న మాట బయటపడుతుంది. అన్న ఇల్లాలు పాపం చేసినట్టు కుమిలిపోతుంది, విన్న ఆడబిడ్డ బట్టలు సర్దుకుంటుంది.

విధవరాలిని ఆదుకోమన్న ధర్మశాస్త్రమే, కొత్తగా పెళ్లయినవాడు ఏడాదిపాటు యుద్ధానికి వెళ్లక, ఇంట ఉండి భార్యను సంతోషపెట్టాలంది (ద్వితీయోపదేశకాండము 24:5). ఈ రెండో మాట మన ప్రసంగాల్లో ఎందుకో అరుదు! యెరూషలేము సంఘంలో విధవరాండ్ర అనుదిన పరిచర్య గురించి సణుగు పుట్టినప్పుడు అపొస్తలులు సణిగినవారిని గద్దించలేదు, ఆ పనికి ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు (అపొ. కార్యములు 6). భారం పంచారన్నమాట.

మన స్త్రీల సమాజాలు ఆ పని చేయలేవా? వారానికి రెండు రోజులు ఆమెను మరో విశ్వాసి ఇంటికి పిలవొచ్చు. వితంతు పెన్షన్ కాగితాల కోసం సంఘపెద్ద ఒకరు వెంట తిరగొచ్చు. ఆ దంపతులకు ఒక సాయంత్రం దొరుకుతుంది. ఆమెకూ, ఎవరి ముఖం చూసీ జంకకుండా ఏడ్చుకునే ఇంకో గడప దొరుకుతుంది.