స్టార్ గుర్తు వెనక ఏం జరుగుతుంది?

వాట్సాప్‌లో ఒక మాటకు రెండు వైపులా స్టార్ గుర్తు పెట్టి పంపితే అవతలివాళ్ళకు ఆ మాట బొద్దు అక్షరాల్లో కనిపిస్తుంది. స్టార్లు మాయమవుతాయి. అండర్‌స్కోర్ పెడితే అక్షరాలు వాలుతాయి. పెళ్ళి పిలుపులో ముహూర్తం చుట్టూ, అపార్ట్‌మెంటు గ్రూపులో నీళ్ళ ట్యాంకు కడిగే తేదీ చుట్టూ స్టార్లు పెట్టేవాళ్ళు ఎంతోమంది. వాళ్ళంతా వాడుతున్నది ‘తేలికపాటి మార్కప్’ అనే రాత పద్ధతి.

ఇందులో ఉండేవి మామూలు అక్షరాలు, కీబోర్డు మీద దొరికే మామూలు గుర్తులు మాత్రమే. ఫైలు లోపల కంటికి కనపడని అలంకారాల సమాచారం ఏదీ దాగి ఉండదు. వరుస మొదట్లో హ్యాష్ గుర్తు ఉంటే అది శీర్షిక. చిన్న గీత ఉంటే జాబితాలో ఒక అంశం. ఖాళీ వరుస వస్తే పేరా ముగిసినట్టు. ఈ గుర్తుల్ని చదివి వెబ్ పేజీనో, ఈబుక్‌నో, అచ్చుకు వెళ్ళే పీడీఎఫ్‌నో తయారుచేసే బాధ్యత ప్రోగ్రాముది. ఆ ప్రోగ్రాము నడిచే తీరే ఒక మంచి పాఠం. దాని చేతికి తెలుగు ఇచ్చి చూస్తే ఇంకా చాలా తెలుస్తుంది.

పాఠంలోనే ఆదేశాలు కలిపి రాయడం కొత్తేమీ కాదు. 1964లో ఎంఐటీలో జెరోమ్ సాల్ట్‌జర్ ‘రన్‌ఆఫ్’ అనే ప్రోగ్రాము రాశాడు. చుక్కతో మొదలైన వరుస అందులో ఆదేశం, మిగిలినదంతా పాఠం. దాని వంశంలోనివే తర్వాత వచ్చిన రాఫ్, ట్రాఫ్. బెల్ ల్యాబ్స్‌లో యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదట వాడుకున్న వాళ్ళలో ఆ సంస్థ పేటెంట్ విభాగం ఒకటి. పేటెంటు దరఖాస్తుల్ని పద్ధతిగా అచ్చుతీయడానికే వాళ్ళకు అందులోని రాఫ్ కావలసివచ్చింది.

అయితే ఆ ఆదేశాలు ఎక్కువగా రూపానికి సంబంధించినవి: ఇక్కడ ఒక వరుస వదులు, ఇక్కడ మధ్యకు జరుపు. అసలు మలుపు 1969లో ఐబీఎంలో వచ్చింది. చార్ల్స్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ కలిసి జీఎంఎల్ అనే మార్కప్ భాషను రూపొందించారు. పాఠంలోని ఒక భాగం ఎలా కనిపించాలో చెప్పకుండా, అది ఏమిటో చెప్పాలన్నది అందులోని ఆలోచన. ‘ఇది శీర్షిక’, ‘ఇది ఉల్లేఖన’ అని చెబితే చాలు, దాని రూపం తర్వాత తేల్చుకోవచ్చు. ఆ దారిలోనే 1986లో ఎస్‌జీఎంఎల్ అంతర్జాతీయ ప్రమాణమైంది. వెబ్ పేజీల హెచ్‌టీఎంఎల్ దానినుంచే పుట్టింది.

ఆలోచన గొప్పదే గానీ చేత్తో రాయడం నరకం. ఒక మాటను నొక్కి చెప్పాలంటే దానికి ముందొక ట్యాగు, వెనకొక ట్యాగు. ఒకటి మూయడం మరిచిపోతే పేజీ సగం వాలిపోతుంది. మరోవైపు ఈమెయిళ్ళు రాసుకునేవాళ్ళు ఎవరూ చెప్పకుండానే స్టార్లతో మాటల్ని నొక్కడం, శీర్షిక కింద గీత గీయడం అలవాటు చేసుకున్నారు. 2004లో జాన్ గ్రూబర్ ఆ అలవాట్లనే నియమాలుగా కూర్చి ‘మార్క్‌డౌన్’ అని పేరు పెట్టాడు. ఆరన్ స్వార్ట్జ్ అందులో సాయపడ్డాడు. మార్చే ప్రోగ్రాము పెర్ల్ భాషలో ఒక చిన్న స్క్రిప్టు. గుర్తులతో ఉన్న మూల పాఠం కూడా ఇబ్బంది లేకుండా చదవగలిగేలా ఉండాలన్నది గ్రూబర్ పెట్టుకున్న షరతు. మార్క్‌డౌన్ ఇంతగా వ్యాపించడానికి ఆ షరతే కారణమని నేను నమ్ముతాను.

స్టార్ల జత కనపడిన చోటల్లా మధ్యలోని మాటను నొక్కి చూపడం పెద్ద పనా అనిపించవచ్చు. వెతికి మార్చడమే కదా! ‘3 * 4 * 5 ఎంత?’ అని ఒక లెక్కల మాస్టారు రాశారనుకోండి. వెతికి మార్చే ప్రోగ్రాము 4ను నొక్కి చూపి గుణకారం గుర్తులు రెండూ మింగేస్తుంది. తొలినాటి మార్పిడి ప్రోగ్రాములు చాలావరకు ఈ పద్ధతిలోనే నడిచాయి. ఎవరి ప్రోగ్రాము వాళ్ళు రాసుకోవడంతో ఒకే పాఠం ఒక్కోచోట ఒక్కోలా కనపడేది. ఈ గందరగోళం తీర్చడానికి 2014లో ‘కామన్‌మార్క్’ నిర్దేశం వచ్చింది. 600కు పైగా ఉదాహరణలతో, ఏ గుర్తుకు ఎక్కడ ఏ ఫలితం రావాలో అందులో తేల్చి చెప్పారు.

కామన్‌మార్క్ ప్రకారం ప్రోగ్రాము పాఠాన్ని రెండు విడతలుగా చదువుతుంది. మొదటి విడతలో వరుస తర్వాత వరుస చూస్తూ, ఇది శీర్షికా, జాబితా అంశమా, ఉల్లేఖనా, లేక ముందు పేరాకు కొనసాగింపా అని తేలుస్తుంది. అప్పుడు వాక్యం లోపలికి తొంగిచూడదు. పత్రం అస్థిపంజరం నిలబడ్డాక, రెండో విడతలో ఒక్కో పేరా లోపలికి వెళ్ళి స్టార్లు, అండర్‌స్కోర్లు, లింకులు పట్టుకుంటుంది. స్టార్ కనపడగానే ఏ నిర్ణయమూ తీసుకోదు. దాన్ని ఒక వరసలో దాచిపెట్టి, జోడీ కాగల మరో స్టార్ వచ్చినప్పుడు వెనక్కి తిరిగి చూస్తుంది. జోడీ దొరక్కపోతే ఆ స్టార్ మామూలు అక్షరంగా మిగిలిపోతుంది. రెండు వైపులా ఖాళీ ఉన్న స్టార్ దేన్నీ తెరవలేదు, మూయలేదు. అందుకే మాస్టారి లెక్క ఇక్కడ క్షేమం.

ఇదంతా అయ్యాక ప్రోగ్రాము దగ్గర మిగిలేది ఒక చెట్టు. మొదట్లో పత్రం, దానికి కొమ్మలుగా శీర్షికలు, పేరాలు, జాబితాలు, వాటి చివర్లలో మాటలు. గుర్తులు ఇక ఉండవు. అవి చెప్పిన అర్థమే ఉంటుంది.

ఈ చెట్టు విలువను అందరికంటే బాగా వాడుకున్నది ‘పాన్‌డాక్’ అని నా అభిప్రాయం. దీన్ని 2006లో మొదలుపెట్టిన జాన్ మెక్‌ఫార్లేన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో తత్త్వశాస్త్ర ఆచార్యుడు. కామన్‌మార్క్ రూపకర్తల్లోనూ ఆయన ముఖ్యుడు. పది రకాల మూలాల నుంచి పది రకాల పత్రాలు తీయాలంటే జంటకొక ప్రోగ్రాము చొప్పున 100 రాయాలి. పాన్‌డాక్‌లో ప్రతి మూలానికీ చెట్టును కట్టే చదువరి ఒకటి, ప్రతి పత్రానికీ చెట్టును చూసి రాసే లేఖరి ఒకటి ఉంటాయి. మొత్తం 20తో పని తీరుతుంది. మధ్యలో చెట్టును సరిదిద్దే అవకాశం కూడా ఉంది: ప్రతి అధ్యాయాన్నీ కొత్త పేజీలో మొదలుపెట్టు అనో, బొమ్మలన్నిటికీ అంకెలు వేయి అనో లువా అనే భాషలో చిన్న స్క్రిప్టు రాసి ఇవ్వవచ్చు. వాడేవాడికి కావలసిందల్లా ఒక్క వరుస ఆదేశం: ప్రోగ్రాము పేరు, మూలం ఫైలు పేరు, -o అనే గుర్తు, ఫలితం ఫైలు పేరు. ఫలితం పేరు చివర ఈపబ్ అని ఉంటే ఈబుక్, డాక్స్ అని ఉంటే వర్డ్ ఫైలు తయారవుతుంది. నిజానికి ఆ రెండూ జిప్ మూటలే. విప్పి చూస్తే లోపల ఉండేది మళ్ళీ ట్యాగులతో నిండిన పాఠమే.

ఇక తెలుగు సంగతి. ఇంగ్లీషులో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది, విభక్తులు అంటుకోవు. మనకు ‘లో’, ‘కి’, ‘తో’ మాటను అంటిపెట్టుకునే వస్తాయి. ఈ మూడు వరుసలు చూడండి:

*పుస్తకం*లో
_పుస్తకం_లో
*“కన్యాశుల్కం”*లో

కామన్‌మార్క్‌లో మొదటిది సరిగ్గా పనిచేస్తుంది. రెండోది పనిచేయదు, అండర్‌స్కోర్లు అలాగే కనపడతాయి. ప్రోగ్రామర్లు తమ కోడ్‌లో పేర్ల మధ్య అండర్‌స్కోర్లు పెట్టుకుంటారు. ఆ పేర్లు వాలిపోకుండా, వెనక అక్షరం తగిలి ఉన్న అండర్‌స్కోర్ దేన్నీ మూయకూడదని నియమం పెట్టారు. మన ‘లో’ ఆ నియమానికి బలైంది. మూడోదీ పనిచేయదు. మూసే స్టార్‌కు ముందు కోట్ గుర్తు, వెనక ‘లో’ అక్షరం ఉన్నాయి. విరామచిహ్నం పక్కన వచ్చిన స్టార్లు మూయాలంటే వాటి వెనక ఖాళీ గానీ మరో విరామచిహ్నం గానీ ఉండి తీరాలి. కొరియన్ భాషలో రాసేవాళ్ళకూ ఇదే బాధ. అక్కడా ప్రత్యయాలు మాటకు అంటుకుంటాయి. మనం చేయగలిగింది ఏమిటంటే కోట్ గుర్తుల్ని స్టార్ల బయటికి తేవడం, అండర్‌స్కోర్ మానేసి స్టార్లే వాడటం. ఇంత చిన్న కిటుకు తెలియక ఫైళ్ళకు ఫైళ్ళు చేత్తో దిద్దుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

అంకెల జాబితాలు మరో చోటు. 1, 2 అని చుక్క పెట్టి రాస్తే జాబితా అవుతుంది. ౧, ౨ అని రాస్తే కాదు. నిర్దేశం 0 నుంచి 9 వరకు ఉన్న అంకెల్నే ఒప్పుకుంటుంది. పద్యాలు రాసేవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. మార్క్‌డౌన్‌లో వరుస తెగినంత మాత్రాన పాదం తెగదు. నాలుగు పాదాలూ కలిసి ఒకే పేరాగా పారుతాయి. పాదం చివర రెండు ఖాళీలు గానీ వెనక్కి వాలిన గీత గానీ పెడితే వరుస నిలుస్తుంది. పాన్‌డాక్‌లో అయితే ప్రతి పాదం ముందు ఒక నిలువు గీత పెట్టే చక్కని పద్ధతి ఉంది. అలా చేస్తే పాదాల మొదట్లో వదిలిన ఖాళీలు కూడా అలాగే నిలుస్తాయి.

సొంతంగా పైథాన్‌లో మార్పిడి కోడ్ రాసుకునే మన కుర్రాళ్ళు ఎక్కువగా దెబ్బతినే చోటు వేరు. ‘మాట అంటే అక్షరాల వరుస’ అని పట్టుకునే అంతర్నిర్మిత గుర్తు పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో ఉంది. అది గుణింతపు గుర్తుల్నీ పొల్లునూ అక్షరాలుగా లెక్కించదు. ‘తెలుగు’ అనే మాట దాని చేతిలో త, ల, గ అని మూడు ముక్కలవుతుంది. పాఠాన్ని శుభ్రం చేస్తున్నామనుకుని కంటికి కనపడని అక్షరాలన్నీ తీసేసే కోడ్ కూడా ప్రమాదకరమే. ‘సాఫ్ట్‌వేర్’లో టకూ వకూ మధ్య కనపడని విడదీత అక్షరం ఒకటుంది. అది పోతే వకారం ఒత్తుగా మారి కిందికి దిగిపోతుంది.

పీడీఎఫ్ దగ్గరికి వస్తే కథ మరో మెట్టు ఎక్కుతుంది. ‘స్త్రీ’ చూడటానికి ఒకటే అక్షరం. ఫైల్లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిలో 18 బైట్లు. ఆ ఆరింటిని కలిపి ఒక ఆకారంగా పేర్చడానికి ఫాంటులోని నియమాలు చదవగల ఇంజను కావాలి. పాన్‌డాక్ పీడీఎఫ్ కోసం మామూలుగా పిలిచే పీడీఎఫ్‌లేటెక్ ఇంజనుకు ఆ పని రాదు. జోనథన్ క్యూ తయారుచేసిన జీటెక్‌ను, లేదా అక్షరాల ఆకారాలు పేర్చే హార్ఫ్‌బజ్ కలిసిన లువాటెక్‌ను ఎంచుకుని, తెలుగు ఫాంటు పేరు చెప్పి ఇస్తే ఒత్తులు వాటి స్థానాల్లోకి వస్తాయి. మొదటి ప్రయత్నం విఫలమై, ఇది తెలుగుకు పనికిరాదని వదిలేసినవాళ్ళకు కావలసింది చాలాసార్లు ఈ రెండు మాటలే.

ఇంత శ్రమ ఎందుకు, పాత డీటీపీ పద్ధతి ఉంది కదా అనేవాళ్ళున్నారు. పేజ్‌మేకర్‌లో పాత తెలుగు ఫాంట్లతో కట్టిన పుస్తకాల ఫైళ్ళు తెరిచి చూస్తే జవాబు దొరుకుతుంది. ఆ ఫైళ్ళలో నిజానికి తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్టు, కొమ్ము, ఒత్తు అని ముక్కలు ముక్కలుగా ఆకారాలున్నాయి. ఆ ఫాంటు లేకపోతే పుస్తకమంతా అర్థంలేని గుర్తుల కుప్ప. వెతకడానికి లేదు, అకారాదిగా పేర్చడానికి లేదు. యూనికోడ్ వచ్చాక ఫైల్లో ఆకారం పోయి అక్షరం నిలిచింది. ఆకారం ఫాంటు పని అయింది. అక్షరానికి యూనికోడ్ చేసిన ఈ మేలునే మొత్తం పత్రానికి తేలికపాటి మార్కప్ చేస్తుంది. 18 పాయింట్ల బొద్దు అక్షరాలు అనే రూపం బదులు, ‘ఇది రెండో అధ్యాయం’ అనే సమాచారం ఫైల్లో ఉంటుంది. ఈబుక్‌లో విషయసూచిక దాన్నిబట్టే తయారవుతుంది. చూపులేని పాఠకుడు స్క్రీన్ రీడర్‌తో ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు దూకగలిగేదీ దాన్నిబట్టే. స్కాన్ చేసిన బొమ్మల పీడీఎఫ్ నుంచి స్క్రీన్ రీడర్ నేరుగా ఒక్క వాక్యం కూడా ఆయనకు చదివి వినిపించలేదు.

అన్నిటికీ ఇది మందు కాదు. శుభలేఖకు, బొమ్మల చుట్టూ పాఠం పారే పత్రిక పేజీకి డిజైనరు చేయి కావాలి. గళ్ళు గళ్ళుగా కలిసిన పెద్ద పట్టికలు మార్క్‌డౌన్‌లో ఇమడవు. కథలు, వ్యాసాలు, పద్యాలు, పాఠాలు మాత్రం హాయిగా ఇముడుతాయి. తెలుగు పుస్తకాల్లో చాలావాటిలో ఉండేవి అవే.

ఇప్పుడు చాలామంది పాత ఫైళ్ళను కన్వర్టర్లతో యూనికోడ్‌లోకి మారుస్తున్నారు. ఆ మార్పిడిలో అక్షరాలు తిరిగి వస్తాయి గానీ, ఏది శీర్షికో ఏది ఉల్లేఖనో అనే సమాచారం, పాఠం ఒక్కటే తీసుకున్నప్పుడు పోతుంది. మారిన పాఠాన్ని ప్రూఫు చూడటం ఎలాగూ తప్పదు. ఆ ఒక్క చదువులోనే అధ్యాయం పేరు ముందు ఒక హ్యాష్, ఉపశీర్షిక ముందు రెండు, పద్యపాదం ముందు నిలువు గీత పెట్టుకుంటూ పోతే ఆ పుస్తకాన్ని నిర్మాణం కోసం మళ్ళీ మొదటినుంచి చదవాల్సిన పని ఉండదు. ఫైలును మామూలు పాఠంగా, యూటీఎఫ్-8లో దాచండి.