‘చిన్న డౌట్’ అని ఎక్కడ అడగాలి?

మీ ఆఫీసు గ్రూప్ ఒకసారి తెరిచి పైకి స్క్రోల్ చేయండి. బర్త్‌డే కేకులు, ‘నోటెడ్ సర్’లు, బొటనవేలు ఎమోజీలు, లీవ్ మెసేజ్‌లు... వీటి మధ్య ‘ఇది నాకు అర్థం కాలేదు, ఎలా చేయాలి?’ అని ఎవరైనా అడిగిన మెసేజ్ కనిపించిందా? మా గ్రూప్‌లో మూడు వారాలు వెనక్కి వెళ్తే గానీ నాకు ఒక్కటి దొరకలేదు. అది కూడా ప్రింటర్ గురించి.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. సొంతూరు వనపర్తి జిల్లా ఆత్మకూరు. ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లు చదివిందాంట్లో ఉద్యోగంలో పనికొచ్చింది కొంతే. మిగతాదంతా పక్క సీటువాళ్లను అడిగో, స్టాక్ ఓవర్‌ఫ్లోలో వెతికో నేర్చుకున్నదే. నా బ్యాచ్ వాళ్లెవరిని కదిపినా ఇదే చెప్తారు. 2008లో మొదలైన ఆ సైట్‌లో ఏ దేశంలోనో ఒకరు అడిగిన ప్రశ్నకు ఇంకో దేశంలో ఎవరో జవాబిస్తే, అది గచ్చిబౌలిలో రాత్రి పదకొండింటికి నా పని గట్టెక్కించేది. కంపెనీ జీతం ఇచ్చింది, ట్రైనింగ్ మాత్రం ముక్కూమొహం తెలియని జనం ఇచ్చారు.

ఈ సంగతి కంపెనీలకూ తెలుసు. అందుకే స్లాక్, టీమ్స్ లాంటివి కొని, లోపలే ఒక చిన్న సోషల్ మీడియా పెట్టేశాయి. మా దగ్గరా ‘ఏదైనా అడగండి’ అని ఒక చానెల్ తెరిచారు. మొదటి వారం సందడి. రెండో వారానికి హెచ్‌ఆర్ పోస్టర్లు తప్ప ఏమీ లేవు.

ఎందుకంటే ఆ చానెల్‌లో మేనేజర్ ఉన్నాడు. ఆయన మేనేజర్ కూడా ఉన్నాడు. వచ్చే నెల అప్రైజల్ ఉంది. పైగా అడగాల్సింది ఇంగ్లిష్‌లో. మా టీమ్‌లో గద్వాల వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉంది, పదో తరగతి దాకా తెలుగు మీడియం. కోడ్ శుభ్రంగా రాస్తుంది. కానీ చానెల్‌లో ఒక్క ప్రశ్న వేయాలంటే ముందు నోట్‌ప్యాడ్‌లో రాసుకుని, గ్రామర్ చూసుకుని, చివరికి అక్కడ వేయకుండా నాకు విడిగా పంపేది: ‘అన్నా, ఒక చిన్న డౌట్.’

నేను చెప్పేవాణ్ని. ఆమె పని అయిపోయేది. ఆ జవాబు మాత్రం మా ఇద్దరి ఫోన్లలోనే ఉండిపోయేది. టెస్ట్ డేటాబేస్‌కు యాక్సెస్ ఎలా తీసుకోవాలన్న ఒకే ప్రశ్నకు ఒకే నెలలో నలుగురికి నాలుగుసార్లు విడివిడిగా జవాబు చెప్పాను. నలుగురూ తామొక్కరికే తెలియదనుకున్నారు.

ఇదేం కొత్త రోగం కాదు. జిరాక్స్ కంపెనీలో దీన్ని ఇంటర్నెట్ ఇంత రాకముందే చూశారు. 1980ల్లో జూలియన్ ఆర్ అనే ఆంత్రొపాలజిస్ట్, ఫొటోకాపీ మెషీన్లు రిపేర్ చేసే టెక్నీషియన్ల వెంట తిరిగాడు. కంపెనీ వాళ్లకు లావుపాటి మాన్యువళ్లు ఇచ్చింది. కానీ వాళ్లు అసలు పని నేర్చుకుంటున్నది టిఫిన్ బల్ల దగ్గర, కాఫీ దగ్గర. ‘ఆ మెషీన్ నిన్న నన్నెంత ఏడిపించిందో’ అని ఒకరు మొదలుపెడితే ఇంకొకరు తన కథ అందుకునేవారు. మా ఊళ్లో బోరు మోటార్ల మెకానిక్‌లు చాయ్ తాగుతూ మాట్లాడుకునేది సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఏ బోరులో ఏ పంపు ఇరుక్కుంది, ఎలా బయటికి తీశారు... బయటివాళ్లకు అది పొద్దుపోని ముచ్చట. వాళ్లకు అదే క్లాసు.

ఆర్ దీని మీద 1996లో ఒక పుస్తకం వేశాడు. ఆ ముచ్చట్లను నలుగురికీ అందేలా దాచిపెట్టాలని జిరాక్స్ 1990ల్లో ‘యురేకా’ అనే వ్యవస్థ తయారు చేసింది. ఫ్రాన్స్‌లో దాన్ని మొదట నడిపింది మినిటెల్ మీద, అంటే టెలిఫోన్ లైన్‌కు తగిలించే ఒక చిన్న తెర మీద. టెక్నీషియన్ తనకు తెలిసిన చిట్కా రాస్తాడు, తోటి టెక్నీషియన్లు సరిచూస్తారు, తర్వాత అది అందరికీ కనిపిస్తుంది. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. చిట్కాకు డబ్బులిద్దామా అన్న ఆలోచన వస్తే టెక్నీషియన్లు వద్దన్నారు. చిట్కా పక్కన తమ పేరుంటే చాలన్నారు. కెనడాలో ఒక టెక్నీషియన్ రాసిన చిట్కా చూసి, బ్రెజిల్‌లో ఒకాయన దాదాపు 40,000 డాలర్ల మెషీన్‌ను మార్చేయబోయి ఆగాడు. చెడిపోయింది డాలర్ కూడా చేయని ఫ్యూజ్ హోల్డర్!

అమెరికా కంపెనీ కథ మనకెందుకు అంటారా? మన దగ్గరే ఇంకా మంచిది ఉంది. తెలుగు వికీపీడియా.

2003 డిసెంబర్‌లో మొదలైంది. మొదలుపెట్టింది వెన్న నాగార్జున. జీతాలు లేవు, హెచ్‌ఆర్ లేదు, ఇండక్షన్ ప్రోగ్రామ్ లేదు. అయినా ఇరవై ఏళ్లకు పైగా అక్కడికి వచ్చినవాళ్లు పని నేర్చుకుంటూనే ఉన్నారు. తెలుగులో టైప్ చేయడం, ఆధారం చూపించడం, సొంత అభిప్రాయం కలపకుండా రాయడం, కాపీరైట్ ఉన్న ఫొటో ఎందుకు పెట్టకూడదో తెలుసుకోవడం... ఇవన్నీ. ఎక్కడ నేర్చుకుంటారంటే ‘రచ్చబండ’ మీద. అందరూ కలిసి మాట్లాడుకునే పేజీకి వాళ్లు పెట్టుకున్న పేరది. వ్యాసం చిన్నగా ఉంటే దాన్ని ‘మొలక’ అంటారు. ఒకే పేరుతో చాలా పేజీలుంటే వాటిని విడదీసి చూపే పేజీని ‘అయోమయ నివృత్తి’ అంటారు.

ఆ చివరిది మా ఊరివాళ్లకు బాగా అవసరం. నెల్లూరు జిల్లాలో ఒక ఆత్మకూరు, నంద్యాల జిల్లాలో ఒకటి, అనంతపురం జిల్లాలో ఒకటి, హనుమకొండ జిల్లాలో ఇంకొకటి, యాదాద్రి జిల్లాలో ఆత్మకూరు ఎం, సూర్యాపేటలో ఆత్మకూర్ ఎస్. మాది వీటిలో ఏదీ కాదు, జూరాల ప్రాజెక్టు దగ్గరిది. కొత్తవాళ్లెవరికైనా ఊరు చెప్తే ‘నెల్లూరా?’ అంటారు. పైగా 2016 అక్టోబర్ 11న తెలంగాణలో కొత్త జిల్లాలు రావడంతో మా ఊరు మహబూబ్‌నగర్ నుంచి వనపర్తికి మారింది. ఆ ఒక్కరోజులో ఎన్ని ఊళ్ల పేజీలు పాతబడి ఉంటాయో ఆలోచించండి. వాటిని మార్చే పని పడింది జీతం లేని ఈ వాలంటీర్ల మీదే.

ఇంతమంది ఇంత పనిని పై అధికారి లేకుండా ఎలా నేర్చుకుంటారు? సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు కనిపించేవి రెండు. ప్రతి పేజీకి వెనకే ‘చర్చ’ పేజీ ఉంటుంది. ఎందుకు మార్చారు, ఎవరు కాదన్నారు అన్నది పని పక్కనే ఉండిపోతుంది. ఐదేళ్ల తర్వాత వచ్చినవాడు కూడా చదువుకోవచ్చు. రెండోది, ప్రతి దిద్దుబాటూ చరిత్రలో నిలుస్తుంది, తప్పైతే ఒక్క నొక్కుతో వెనక్కి తేవచ్చు. అందుకే ధైర్యంగా చేయి పెట్టొచ్చు. అంతా సవ్యంగా ఉందని కాదు. అక్కడా గొడవలు పడతారు, కరుకు మాట విని మళ్లీ రానివాళ్లూ ఉంటారు, రోజూ పనిచేసేవాళ్లు కొద్దిమందే. కానీ గొడవ కూడా అందరి ముందే జరుగుతుంది. మా ఆఫీసులో అదంతా మూసిన మీటింగ్ రూములో.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ఉన్నది వాట్సాప్. మా వదిన గవర్నమెంట్ టీచర్. వాళ్ల గ్రూప్‌లో సర్క్యులర్లు, ఎక్సెల్ షీట్లు, గుడ్ మార్నింగులు. పనికొచ్చే జవాబు ఎవరైనా పెట్టినా సాయంత్రానికి నలభై మెసేజ్‌ల కింద పడిపోతుంది. వాట్సాప్ 2022లో గ్రూప్‌కు 1,024 మంది దాకా పెంచింది. జనం పెరిగేకొద్దీ అడిగే నోరు తగ్గిందని వదిన అంటుంది. ‘ఏదన్నా నేర్చుకున్నానంటే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో, అది కూడా లంచ్ టైమ్‌లో రా’ అంది నాతో. జిరాక్స్ టెక్నీషియన్ల గురించి ఆమె వినలేదు.

ఇప్పుడు ఇంకో మలుపు వచ్చింది. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక కొత్తగా చేరినవాళ్లు ఎవరినీ అడగట్లేదు, బాట్‌ను అడుగుతున్నారు. నేనూ అడుగుతాను. సిగ్గు ఉండదు, గ్రామర్ భయం ఉండదు, తెలుగు-ఇంగ్లిష్ కలిపి రాసినా తిట్టదు. గద్వాల అమ్మాయికి అది పెద్ద ఊరట, నేను కాదనను. కంపెనీలు భయపడేది వేరే దానికి. సామ్‌సంగ్‌లో ఉద్యోగులు కంపెనీ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టారని తెలిసి, 2023లో అలాంటి టూల్స్ వాడకాన్ని ఆపేశారు. ఆ భయం న్యాయమే. నా భయం మాత్రం ఇంకొకటి. బాట్‌ను అడిగిన ప్రశ్న మా టీమ్‌లో ఎవరికీ కనిపించదు. నలుగురు ఒకే చోట తడబడుతున్నారని నాకు తెలియదు. మేం రాసిన డాక్యుమెంట్ చెత్తగా ఉందని ఎవరూ చెప్పరు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో కొత్త ప్రశ్నలు బాగా పడిపోయాయి. ఆ బాట్‌లు నేర్చుకున్న సరుకులో మనుషులు ఒకరికొకరు చెప్పుకున్న అలాంటి జవాబులు బోలెడు. రేపు అవి దేన్నుంచి నేర్చుకుంటాయో మరి.

మా టీమ్‌లో మేం చేసింది చిన్న పనే. విడిగా డౌట్ వస్తే జవాబు చెప్తాం, కానీ చానెల్‌లోనే చెప్తాం. అడిగినవాళ్లకు ఇబ్బందైతే ప్రశ్నను నేను నా పేరుతో వేస్తాను. తెలుగులో రాసినా, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసినా సరే. జవాబు తేలాక కోడ్ పక్కనే ఉండే పేజీలో పెట్టి, చెప్పినవాళ్ల పేరు రాస్తాం. అన్నిటికంటే పనిచేసింది వేరొకటి. పన్నెండేళ్ల అనుభవం ఉన్న మా లీడ్ ఒకరోజు ‘గిట్‌లో రీబేస్ నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాదు, ఎవరైనా చెప్తారా?’ అని అందరి ముందు అడిగాడు. చెప్పింది గద్వాల అమ్మాయి. ఆ వారం చానెల్‌లో పదకొండు ప్రశ్నలు వచ్చాయి. ఇప్పటికీ నోరు విప్పనివాళ్లు ఇద్దరున్నారు. వాళ్లతో ఏం చేయాలో మాకింకా తెలియలేదు.

పోయిన నెల ఆ పేజీకి పేరు పెట్టాలని ఓటింగ్ పెడితే ‘రచ్చబండ’ గెలిచింది. మా మేనేజర్‌ది కొచ్చి. చానెల్ మొదలైనప్పటి నుంచి ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. మొదటిసారి ఆ రోజే వేశాడు: ‘రచ్చబండ అంటే ఏంటి?’ రెండు నిమిషాల్లో ఐదు జవాబులు. ఒకరైతే మర్రిచెట్టు ఫొటో కూడా పెట్టారు.